బొచ్చె చౌక, కొరమీను ఖరీదు: ఆహార గొలుసులో శక్తి లెక్క

చేపల మార్కెట్లో శీలావతి, బొచ్చెల కంటే కొరమీను ఎప్పుడూ ఖరీదే. రుచి ఒక కారణం. బతికున్న చేపగా అమ్మగలగడం ఇంకో కారణం. సరఫరా తక్కువ కావడం మూడోది. ఇవి అందరికీ తెలిసినవే. అంతగా మాట్లాడుకోని నాలుగో కారణం ఆ చేప ఏం తింటుందన్నదే. శీలావతి నాచు, కుళ్లిన ఆకు, తౌడు తిని పెరుగుతుంది. కొరమీను వేటచేప. చిన్న చేపల్ని, కప్పల్ని, పురుగుల్ని పట్టి తింటుంది. కిలో కొరమీను తయారవాలంటే ముందు అనేక కిలోల చిన్న చేపలు తయారవాలి, వాటికంటే ముందు ఇంకెంతో నాచు తయారవాలి. చెరువు మీద పడిన ఎండలో కొరమీను ఒంట్లోకి చేరేది అతి కొద్ది. మిగతాదంతా దారిలోనే ఖర్చయిపోతుంది.

ఆ దారి ఖర్చు ఎంత, ఎక్కడెక్కడ అన్నది చూస్తే అడవిలో పులులు ఎందుకు కొన్నే ఉంటాయో, గోదావరి, కృష్ణా డెల్టా రైతు చెరువులో ఏ చేపను ఎందుకు వేస్తాడో రెండూ తెలుస్తాయి.

ముందు ఎండ సంగతి. చెరువు నీళ్లు పచ్చగా కనిపించేది వాటిలో తేలే సూక్ష్మమైన నాచు కణాల వల్ల. వీటినే వృక్ష ప్లవకాలు అంటారు. మొత్తం చెరువుకు వంట చేసేది ఇవే. అయితే పడిన ఎండంతా వీటికి పనికిరాదు. సూర్యకాంతిలో సగానికి కాస్త తక్కువ భాగమే కిరణజన్య సంయోగ క్రియకు పనికొచ్చే రంగుల్లో ఉంటుంది. అందులోనూ కొంత నీటి మీద పడి తిరిగి పోతుంది, కొంత నీటినీ బురదనూ వేడి చేస్తుంది. చివరికి పిండిపదార్థంగా మారి నిలిచేది మామూలుగా నూటికి ఒక వంతు అటూ ఇటూ. చెరకు లాంటి మొక్కలు కొంచెం మెరుగు, అయినా గొప్ప తేడా ఏమీ ఉండదు. భూమి మీద ప్రాణికోటి దాదాపు మొత్తం ఈ ఒక్క శాతం మీదే బతుకుతోంది.

ఆ ఒక్క శాతం కూడా ఇతరులకు పూర్తిగా దక్కదు. మొక్క కూడా బతకాలి కదా. కణాలు బాగుచేసుకోవడానికి, లవణాలు లోపలికి లాక్కోవడానికి, కొత్త ఆకు వేయడానికి తను తయారుచేసుకున్న దాంట్లో సగం దాకా తనే కాల్చేసుకుంటుంది. ఇదే శ్వాసక్రియ. చెట్టును చూస్తే ఈ ఖర్చు మనకు కనిపించదు గానీ చేపల రైతుకు మాత్రం బాగా కనిపిస్తుంది. పగలంతా నాచు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడగానే ఆ ఉత్పత్తి ఆగిపోతుంది, ఊపిరి మాత్రం ఆగదు. నాచు, చేప, బురదలోని బాక్టీరియా అన్నీ కలిసి నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను రాత్రంతా వాడుకుంటాయి. తెల్లవారుజాముకి అది అట్టడుగుకి పడిపోతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. రెండు మూడు రోజులు వరసగా మబ్బు పట్టిందంటే రైతుకు టెన్షన్ మొదలయ్యేది అందుకే. మేత ఉంది, నీళ్లున్నాయి, అయినా రాత్రి ఖర్చుకు సరిపడా పగటి సంపాదన లేదు.

ఈ జమాఖర్చును మొదటినుంచి చివరిదాకా అంకెల్లో రాయడం తేలిక కాదు. అడవిలో ఏ జింక ఎంత తిన్నదో, ఎంత ఊపిరి వదిలిందో ఎవరు లెక్కపెడతారు? 1950లలో అమెరికా శాస్త్రవేత్త హోవర్డ్ ఓడమ్ దీనికి అనువైన చోటు వెతుక్కున్నారు. ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ అనే పెద్ద నీటి ఊట అది. నీళ్లు అద్దంలా ఉంటాయి. ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 23 డిగ్రీల దగ్గరే. ప్రవాహంలో పెద్ద మార్పులు ఉండవు. పై నుంచి వచ్చే నీటిలో ఆక్సిజన్ ఎంత, కిందికి పోయే నీటిలో ఎంత, పగలెంత, రాత్రెంత అని కొలిస్తే ఆ ఊటలోని ప్రాణులన్నీ కలిసి ఎంత సంపాదించాయో, ఎంత ఖర్చు పెట్టాయో తేలిపోతుంది. 1957లో అచ్చయిన ఆ లెక్కలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో తిరుగుతూనే ఉన్నాయి.

చదరపు మీటరుకు, ఏడాదికి, కిలోకాలరీల్లో ఆ అంకెలు ఇవి. పడిన ఎండ దాదాపు 17 లక్షలు. మొక్కల దాకా చేరింది 4,10,000. మొక్కలు ఆహారంగా మార్చింది 20,810. అందులో మొక్కలు తమ బతుకు కోసం కాల్చేసుకున్నది 11,977. మిగిలింది 8,833. ఆ మిగులు మీద బతికే తాబేళ్లు, నత్తలు, శాకాహార చేపలు ఒంటపట్టించుకున్నది 3,368. వాటిని తినే ప్రాణులకు దక్కింది 383. అన్నిటికీ పైనున్న పెద్ద వేటచేపల దగ్గరికి వచ్చేసరికి 21. ఆ 21లోనూ 13 వాటి సొంత ఊపిరికే పోయింది. పదిహేడు లక్షలతో మొదలైనది ఇరవై ఒకటి దగ్గర ఆగింది. దాదాపు 81 వేలలో ఒక వంతు.

ఒక మెట్టులోని శక్తిలో పదో వంతే పై మెట్టుకు చేరుతుందని బళ్లో నేర్పే 'పది శాతం సూత్రం' ఈ అంకెల్లో అచ్చంగా దొరకదు. మొక్కలు తయారుచేసిన మొత్తం 20,810లో శాకాహారులకు వచ్చింది 16 శాతం, అక్కడి నుంచి తర్వాతి మెట్టుకు 11, ఆపై మెట్టుకు ఐదున్నర. ఈ సూత్రానికి మూలపురుషుడిగా చెప్పే రేమండ్ లిండెమన్ కొలిచిన చోట కూడా పది రాలేదు. ఆయన అమెరికాలోని మిన్నెసోటాలో సెడార్ బాగ్ లేక్ అనే చిన్న చెరువును ఐదేళ్లు పట్టి చూశారు. అక్కడ శాకాహారుల దగ్గర 13 శాతం, మాంసాహారుల దగ్గర 20 దాటింది. చెరువులోని జీవుల్ని పేర్లతో కాకుండా తినే మెట్టును బట్టి విడదీసి, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు చేరే శక్తితో మొత్తం చెరువును అర్థం చేసుకోవచ్చన్నది ఆయన ఆలోచన. ఆ వ్యాసాన్ని మొదట సమీక్షకులు తిప్పికొట్టారు. సిద్ధాంతం మరీ ఎక్కువైంది, దానికి తగ్గ ఆధారం లేదన్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో ఆయనకు మార్గదర్శి అయిన హచిన్సన్ గట్టిగా నిలబడటంతో చివరికి ఒప్పుకున్నారు. 1942లో అది అచ్చయ్యేనాటికే లిండెమన్ జబ్బు చేసి చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 27.

పది శాతం అన్నది తర్వాత చాలా చోట్ల కొలిచినవన్నీ కలిపి చూస్తే వచ్చే ఒక రఫ్ సగటు. ఐదు నుంచి ఇరవై దాకా ఎక్కడైనా ఉండొచ్చు. దాన్ని ప్రకృతి నియమంలా పరీక్షల్లో రాయించడం వల్ల ఒక నష్టం ఉంది. ఆ పది ఎందుకు మారుతుందన్న ప్రశ్న, అంటే ఇందులో అసలు ఆసక్తికరమైన ప్రశ్న, ఎవరికీ రాదు.

శక్తి తగ్గిపోయే చోట్లు మూడు. కింది మెట్టులో తయారైనదంతా పై మెట్టు తినలేదు. ఎముక, ముల్లు, బెరడు, పట్టుకోలేక వదిలేసినవి మిగిలిపోతాయి. తిన్నదంతా అరగదు. పేడ చూస్తే ఇది వేరే చెప్పక్కర్లేదు, ఎండితే పిడకగా మండుతుందంటేనే అందులో ఇంకా ఎంత శక్తి ఉందో తెలుస్తుంది. అరిగినది కూడా ఒళ్లుగా మారేది కొంతే. కదలడానికి, గుండె కొట్టుకోవడానికి, ఒంటి వేడికి మిగతాది కాలిపోతుంది. కాలిన శక్తి వేడిగా గాలిలోకి, నీళ్లలోకి, చివరికి ఆకాశంలోకి పోతుంది. దాన్ని పట్టుకుని మళ్లీ ఆకు చేసే జీవి ఏదీ లేదు. పేడలోని నత్రజని, భాస్వరం తిరిగి మట్టిలోకి, మట్టి నుంచి మొక్కలోకి వస్తాయి. శక్తికి ఆ తిరుగు ప్రయాణం లేదు. సూర్యుడు రోజూ ఉదయించి కొత్తగా ఇవ్వాల్సిందే.

ఈ మూడింటిలో జీవికి జీవికి పెద్ద తేడా చూపించేది చివరిది. పక్షులు, క్షీరదాలు ఒంటి వేడి ఒకేలా ఉంచుకోవాలి. అడవిలో బతికే క్షీరదం ఒంటపట్టిన శక్తిలో ఒళ్లుగా మార్చేది నూటికి ఒకటి నుంచి మూడు. ఒంటి వేడి కోసం ఖర్చుపెట్టని చేపకు ఇది పది దాకా వస్తుంది. పురుగుల్లో కొన్నిటికి నలభై దాకా. చేపకు ఇంకో వెసులుబాటు ఉంది. నీళ్లే మోస్తాయి కాబట్టి బరువు మోసే గట్టి ఎముకలు, కాళ్లు కట్టుకోనక్కర్లేదు. మేత ఇచ్చి మాంసం పెంచే వ్యాపారాల్లో చేప ముందు వరసలో ఉండడానికి ఇదే పెద్ద కారణం.

మరి బ్రాయిలర్ కోడి? అది కిలో బరువు పెరగడానికి ఇప్పుడు రెండు కిలోల మేత కూడా అక్కర్లేదు. వేడి రక్తపు ప్రాణి ఇంత పొదుపుగా ఎలా పెరుగుతోంది? మొదటి సంగతి, మేత పొడిది, కోడి ఒంట్లో మూడింట రెండు వంతులు నీళ్లే. కిలోకు కిలో పోల్చడం సరైన పోలిక కాదు. రెండోది, అది పరిగెత్తదు, వేట నుంచి తప్పించుకోదు, గుడ్లు పొదగదు, ఆరు వారాల వయసులో, ఇంకా పెరుగుతుండగానే దాని పని అయిపోతుంది. పెరగడం ఆగి, కేవలం బతకడానికే తినే వయసు దానికి రాదు. అడవి జంతువుల లెక్కల్లో ఎక్కువ భాగం ఆ వయసుదే.

గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. పుస్తకంలో బొమ్మ వేసే ఈ గొలుసు అబద్ధం కాదు గానీ పెద్ద సగాన్ని వదిలేస్తుంది. చాలా చోట్ల మొక్కల్లోని శక్తిలో ఎక్కువ భాగం ఏ మిడత నోట్లోకీ పోదు. అడవిలో ఏడాదిలో తయారైన ఆకు, కొమ్మ, వేరులో నూటికి తొంభై దాకా ఎవరూ తినకుండానే రాలి కుళ్లిపోతుంది. సిల్వర్ స్ప్రింగ్స్‌లో కూడా శాకాహారులకు 3,368 దక్కితే, చచ్చిన దాన్నీ రాలిన దాన్నీ కుళ్లబెట్టే జీవులకు 5,060 దక్కింది. బూజు, బాక్టీరియా, వానపాము, చెదపురుగు, ఇవి గొలుసు చివర చెత్త ఊడ్చే పనివాళ్లు కాదు. శక్తి రాకపోకల్లో ఇదే పెద్ద రోడ్డు, జింక, పులి వెళ్లేది పక్క సందు.

కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో ఇది బాగా తెలుస్తుంది. మడ ఆకు మందంగా, ఉప్పగా ఉంటుంది. చెట్టు మీద ఉండగా దాన్ని ఇష్టపడి తినేవి తక్కువ. అది రాలి బురదలో పడ్డాక కథ మొదలవుతుంది. పీతలు దాన్ని చీల్చి బొరియల్లోకి లాక్కుపోతాయి. మిగిలిన ముక్కల మీద బూజు, బాక్టీరియా పేరుకుంటాయి. ఆకులో తక్కువగా ఉన్న మాంసకృత్తులు ఈ పూత వల్ల పెరుగుతాయి. రొయ్య పిల్లలు, చిన్న చేపలు తినేది ఆ పూత పట్టిన ముక్కల్నే. పోటుతో నీరు లోపలికి వస్తుంది, పాటుతో ఆ ముక్కల్లో కొన్నిటిని సముద్రం వైపు మోసుకుపోతుంది. మడ చెట్టుకు పడిన ఎండ ఈ చుట్టుదారిలో వలలో చేపగా ఒడ్డుకు చేరుతుంది. మడ అడవి నరికితే తీరంలో చేపలు తగ్గుతాయని మత్స్యకారులు అనేదానికి వెనక ఉన్న లెక్క ఇదే. చేప పిల్లలకు చాటు పోవడం ఒకటి, మేత పోవడం రెండోది.

కొల్లేరులో గుర్రపుడెక్క కూడా ఈ దారినే పోతుంది, కాకపోతే ఫలితం వేరు. అది విపరీతంగా పెరిగి, ఎక్కువ భాగం ఎవరికీ మేత కాకుండా నీళ్లలోనే కుళ్లుతుంది. కుళ్లబెట్టే బాక్టీరియా ఆక్సిజన్ తాగేస్తాయి. పైన అల్లుకున్న పచ్చదనం ఎండను ఆపేయడంతో కింద నాచు పెరగదు. శక్తి పుష్కలంగా తయారవుతున్నా చేప దాకా చేరే దారి మూసుకుపోతుంది.

మెట్టు మెట్టుకీ ఇంత తగ్గుతుంటే గొలుసు పొడుగ్గా సాగే అవకాశం లేదు. నాలుగైదు మెట్ల తర్వాత ఇంకో ప్రాణిని పోషించేంత మిగలదు. పులిని తినే జంతువు పుట్టకపోవడానికి కారణం పులి బలం ఒక్కటే కాదు. అలాంటి జంతువు ఉంటే అది రోజూ తిరగాల్సిన మేర ఏ అడవిలోనూ ఉండదు. పులి సంగతే తీసుకుంటే, ఒక్కో పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువుల్ని, అంటే చుక్కల దుప్పి, కణితి, అడవిపంది లాంటివాటిని చంపుతుంది. మంద తరగకుండా పులులు తీసుకోగలిగేది ఏడాదికి అందులో పదో వంతు అని పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ బృందం లెక్క. అంటే ఒక్క పులి వెనక 500 జంతువుల మంద ఉండాలి. (ఈ పదో వంతుకూ పైన చెప్పిన పది శాతానికీ సంబంధం లేదు. ఇది తలల లెక్క, అది కేలరీల లెక్క.) నల్లమలలో అటు నాగార్జునసాగర్ శ్రీశైలం, ఇటు అమ్రాబాద్ అభయారణ్యాలు కలిసి వేల చదరపు కిలోమీటర్లు ఎందుకు కావాలన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. గడ్డి నేలలు, దుప్పులు తగ్గాక పులికి ఎంత కాపలా పెట్టినా ప్రయోజనం తక్కువ.

దీనికి తిరగేసిన ఉదాహరణ సముద్రంలో ఉంది. భూమి మీద పుట్టిన జంతువులన్నిటిలో పెద్దదైన నీలి తిమింగలం తినేది అతి చిన్న రొయ్యజాతి ప్రాణి క్రిల్‌ను. క్రిల్ తినేది నాచును. అంత ఒళ్లు పోషించాలంటే గొలుసు కింది భాగానికే వెళ్లి తినాలి. ఏనుగుదీ అదే దారి.

శక్తి తగ్గుతూ పోయినా తగ్గనివి కొన్ని ఉన్నాయి. డీడీటీ లాంటి పురుగుమందులు, పాదరసం ఒంట్లో కాలవు, సులువుగా బయటికి పోవు. పది కిలోల చిన్న చేపలు కిలో పెద్ద చేపగా మారితే శక్తి ఆవిరైంది గానీ పది కిలోల్లోని విషం దాదాపు అంతా ఆ ఒక్క కిలోలోకి చేరింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ మీద దోమజాతి ఈగల కోసం 1949 నుంచి డీడీటీకి దగ్గరి మందు ఒకటి చల్లారు. నీళ్లలో అది పది లక్షల్లో 0.02 వంతు. చేపలు తిని బతికే పక్షులు అక్కడ చచ్చిపడ్డాయి, వాటి కొవ్వులో పది లక్షల్లో 1,600 వంతులు. కొవ్వులో నిలిచే విషాల విషయంలో పెద్ద వేటచేపలే ఎక్కువ అనుమానించాల్సినవి.

ఇక డెల్టా చెరువు. బొచ్చె పై నీటిలో జంతు ప్లవకాల్ని, అంటే నీళ్లలో తేలే అతి చిన్న జంతువుల్ని, ఎక్కువగా తింటుంది. శీలావతి మధ్య నీటిలో నాచు, కుళ్లిన మొక్కల పదార్థం తింటుంది. ఎర్రమోసు అడుగున బురదలో చేరినదాన్ని తింటుంది. మూడూ గొలుసులో కింది మెట్ల దగ్గరే తినేవి. ఒకే చెరువులో శక్తి మూడు చోట్ల నిలిస్తే మూడు చోట్లా పట్టుకునే ఏర్పాటు ఇది. పశువుల ఎరువు, కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ వేసేది చేపకు కాదు, నాచుకు. ఇప్పుడు చాలా చెరువుల్లో శీలావతిదే పెద్ద వాటా.

ఎరువు వేసినంత మాత్రాన చెరువు మీద పడే ఎండ పెరగదు. అందుకే కొంత దాటాక బయటి నుంచి మేత తేవాల్సిందే. నూనె తీసిన తౌడు, రైతులు డీఓబీ అనేది, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి కర్రలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర లాక్కుని తింటాయి. ఆ తౌడు వేరే చోట, వేరే నెలల్లో వరిచేను మీద పడిన ఎండ. మిల్లు దాటి లారీలో చెరువుకు వచ్చింది. ఎకరం చేపల చెరువు వెనక కనిపించని వరి ఎకరాలు చాలా ఉంటాయి. కొల్లేరులోని ఆటపాక దగ్గర గూడు కట్టే గూడబాతులు చుట్టుపక్కల చెరువుల చేపల్ని కూడా పడతాయి కాబట్టి, ఆ వరిచేను ఎండలో కొంత పక్షి పిల్లల దాకా కూడా వెళ్తోంది.

వన్నామి రొయ్య దగ్గరికి వస్తే ఈ బయటి దారి ఇంకా పొడుగు. 2009 తర్వాత దేశంలో పాకిన ఈ రొయ్య మేత గుళికల్లో సోయాతో పాటు చేపపొడి కూడా ఉంటుంది. చేపపొడి అంటే సముద్రంలో పట్టి ఎండబెట్టి పొడి చేసిన చిన్న చేపలు. అవి అప్పటికే నాచు, జంతు ప్లవకాల మెట్లు దాటి వచ్చినవి. చెరువులో చూస్తే రొయ్య గుళిక తిని పెరుగుతున్నట్టే ఉంటుంది. సముద్రంలో గడిచిన రెండు మూడు మెట్ల నష్టం అప్పటికే ఎక్కడో రాసిపెట్టి ఉంది. మేతలో చేపపొడి తగ్గించి సోయా పెంచే ప్రయత్నాలకు ఖర్చే ముఖ్య కారణం అయినా, దాంతో గొలుసు కూడా పొట్టిదవుతుంది.

గుళికలు ఎక్కువ వేసిన చెరువులో రొయ్యలతో పాటు అడుగున మిగిలిన మేత, రెట్ట మీద పెరిగే బాక్టీరియా కూడా ఎక్కువే. వాటన్నిటి ఊపిరికి ఆ చెరువులోని నాచు ఇచ్చే ఆక్సిజన్ సరిపోదు. అందుకే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతూ ఉండాలి. కరెంటు పోతే గంటల్లోనే రొయ్యలు చచ్చిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి గట్టు మీద డీజిల్ జనరేటర్ సిద్ధంగా ఉంచుకుంటారు.